జీకేవీకే గోడ లోపల ఏం చేస్తారు, అది మన చేనుకి ఎట్లా వస్తుంది

బెంగళూరులో ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్లు ఎవరైనా హెబ్బాళ ఫ్లైఓవర్ దిగాక బళ్ళారి రోడ్డు పక్కన చెట్లు కమ్ముకున్న పెద్ద క్యాంపస్ ఒకటి చూసే ఉంటారు, జీకేవీకే అని బోర్డు ఉంటుంది, పక్కనే ఇన్ని అపార్ట్‌మెంట్లు లేచినా అక్కడికి రాగానే గాలి చల్లగా తగులుతుంది. నేను యలహంక వైపు పదకొండేళ్లుగా ఉంటున్నా, ఆ గోడ లోపల ఏం చేస్తారో మాత్రం చాలాకాలం నాకు సరిగ్గా తెలీదు, నవంబర్‌లో కృషి మేళా పెడతారు, ఆ నాలుగు రోజులూ ట్రాఫిక్ ఎక్కువ, అంతవరకే.

మాది హిందూపురం దగ్గర పల్లె. నాలుగెకరాల చేను, రాగి, చెనిక్కాయ, బోర్లో నీళ్లు ఉన్న ఏడు టమాటా. ఒకసారి మా నాయన్ని కృషి మేళాకి పిలుచుకొచ్చా, పొద్దున తొమ్మిదికి లోపలికి పోయి సాయంత్రం దాకా తిరిగాం, ఆయన ప్రతి మడి దగ్గరా ఆగి కంకి పట్టుకుని చూసి, గింజ నలిపి చూసి, చివరికి బయటికొచ్చి టీ తాగుతూ ఒక మాట అడిగాడు, "ఇంతమంది చదువుకున్నోళ్లు, ఇంత భూమి, ఇన్నేండ్లాయె గదప్పా, మన చేనుకి వీళ్లు చేసిందేమన్నా ఉందా?" అని. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి తెలుసుకున్నదే ఇదంతా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పేర్ల గందరగోళం తీసేద్దాం ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పిపోతారు. జీకేవీకే అంటే గాంధీ కృషి విజ్ఞాన కేంద్ర, అది ఒక క్యాంపస్ పేరు, పదమూడు వందల ఎకరాల పైనే ఉంటుంది. ఆ క్యాంపస్‌లో ఉండే యూనివర్సిటీ పేరు యూఏఎస్, అంటే కర్ణాటక ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1964లో మొదలైంది. ఇక ప్రతి జిల్లాకీ ఉండే కేవీకే, అంటే కృషి విజ్ఞాన కేంద్రం, అది వేరే సంగతి, పేరు కలిసినంత మాత్రాన జీకేవీకే ఒక కేవీకే కాదు, బెంగళూరు రూరల్ జిల్లా కేవీకే దొడ్డబళ్ళాపుర దగ్గర హాడోనహళ్ళిలో ఉంది. హెసరఘట్టలో ఉండే ఐఐహెచ్ఆర్ కూరగాయలూ పండ్లూ పూల మీద పనిచేసే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్, దానికీ ఈ యూనివర్సిటీకీ యజమానులు వేరు. హెబ్బాళలోనే ఇంకొకటుంది ఎన్‌బీఏఐఆర్ అని, పురుగుల మీద పనిచేసే సెంట్రల్ సంస్థ. వ్యవసాయం రాష్ట్రం చేతిలో ఉండే సబ్జెక్టు కాబట్టి యూనివర్సిటీ రాష్ట్రానిది, దేశమంతటికీ పనికొచ్చే పరిశోధన చేసే ఐసీఏఆర్ సంస్థలు, అంటే కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి కింద ఉండేవి, ఢిల్లీవి, కేవీకేలకి డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంది కానీ నడిపేది చాలాచోట్ల యూనివర్సిటీయే. ఇట్లా ముడిపడి ఉండబట్టే రైతుకి ఎవరి దగ్గరికి పోవాలో అర్థం కాదు, నాకే అర్థం కావడానికి ఇన్నాళ్లు పట్టింది.

చదువు చెప్పడం, పరిశోధన చేయడం, దాన్ని రైతు దగ్గరికి మోసుకుపోవడం, ఈ మూడూ ఒకే కప్పు కింద ఉండాలనే ఆలోచన అమెరికాలో పుట్టింది. అక్కడ 1862లో రాష్ట్రాలకి భూములిచ్చి కాలేజీలు పెట్టించారు, 1887లో ప్రయోగ క్షేత్రాలకి చట్టం చేశారు, 1914లో రైతుల దగ్గరికి పోయి చెప్పే ఎక్స్‌టెన్షన్ పనికి ఇంకో చట్టం చేశారు. మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చాక అదే నమూనా తెచ్చుకున్నాం, 1960లో పంత్‌నగర్ మొదటిది, 1964లో బెంగళూరు, అదే ఏడు మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోది కూడా. బెంగళూరుకి టెన్నెసీ యూనివర్సిటీ వాళ్లు తోడొచ్చారు, రాజేంద్రనగర్‌కి కాన్సాస్ వాళ్లు. ఆ తర్వాత కర్ణాటకలో ధార్వాడ, రాయచూరు, బాగలకోట, శివమొగ్గ విడివిడి యూనివర్సిటీలయ్యాయి, మన వైపు రాష్ట్రం విడిపోయాక గుంటూరు లాం ఒక చోట, రాజేంద్రనగర్ ఒక చోట.

కానీ హెబ్బాళలో పని 1964లో మొదలవలేదు. 1899లోనే మైసూరు మహారాణి ఇచ్చిన భూమిలో ప్రయోగ క్షేత్రం పెట్టారు. 1908లో లెస్లీ కోల్‌మన్ అని కెనడా ఆయన మైసూరు సంస్థానానికి వచ్చాడు, పురుగులూ తెగుళ్ల శాస్త్రం చదివినవాడు. మలెనాడులో, అంటే కర్ణాటక పడమటి కొండల వైపు, అప్పుడు వక్క తోటలకి కొళెరోగ పట్టి కాయలు కుళ్లి రాలిపోతుండేవి, జడివాన పడితే తోటంతా పోయేది. రైతులు వాన తగలకుండా గెలలకి గడ్డితో గొడుగులాంటి తొడుగులు అల్లి కట్టేవాళ్లు, ఒక్కో చెట్టూ ఎక్కి. కోల్‌మన్ ఆ తోటల్లో తిరిగి, అది బూజు వల్ల వచ్చే తెగులని చూపించి, మైలుతుత్తం సున్నం కలిపిన బోర్డో మిశ్రమం వానలకి ముందే గెలల మీద కొట్టాలని చెప్పాడు. నూరేళ్లు దాటింది, మలెనాడులో వానలకి ముందు ఈరోజుకీ అదే కొడుతున్నారు. నాకు ఈ కథలో నచ్చింది ఏంటంటే ఆయన ల్యాబులో కూర్చుని మొదలుపెట్టలేదు, రైతు కట్టే గడ్డి తొడుగు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు, వాన తగలకూడదు అనే విషయం రైతుకి ముందే తెలుసు, ఎందుకు తగలకూడదో ఈయన చెప్పాడు.

ఇప్పుడు రాగి. మా నాయన అడిగినదానికి అసలు జవాబు ఇందులోనే ఉంది.

దేశంలో పండే రాగిలో సగం పైన కర్ణాటకదే. రాగి పువ్వుని మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా, కంకిలో వేలు లాంటి ఒక్కో పాయలో వరసగా చిన్న చిన్న పువ్వులు ఉంటాయి, ఒక్కోటీ ఆవగింజంత కూడా ఉండదు, తెల్లారకముందే చీకట్లో విచ్చుకుంటాయి, విచ్చుకునేలోపే తన పుప్పొడి తనకే పడిపోయి ఉంటుంది. రెండు రకాల్ని కలిపి కొత్త రకం తియ్యాలంటే ఒక పువ్వులోంచి పుప్పొడి తిత్తులు తీసేసి ఇంకో మొక్క పుప్పొడి వెయ్యాలి కదా, ఇంత చిన్న పువ్వులో అది చెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే రాగిలో సంకరం చాలాకాలం కుదర్లేదు. దీనికి ఒక ఉపాయం దొరికింది, రెండు మొక్కల కంకుల్ని పూతకి ముందే ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు, వేలల్లో ఏదో ఒకటి రెండు గింజలు పక్క కంకి పుప్పొడితో పడతాయి, మరి ఆ ఒకటి రెండు ఏవో ఎట్లా కనుక్కోవడం? తండ్రి మొక్కని ఊదారంగు కాడ ఉన్నదాన్ని తీసుకుంటారు, విత్తనాలన్నీ మొలకెత్తించాక పచ్చటి నారు మధ్యలో ఏ మొలక ఊదాగా కనిపిస్తే అదే సంకరం.

ఈ పనికి జీవితం పెట్టినాయన సీ.హెచ్. లక్ష్మణయ్య, మండ్య దగ్గర వి.సి. ఫారంలో పనిచేసినాయన, రాగి లక్ష్మణయ్య అనే పిలుస్తారు కర్ణాటకలో. మన రాగికి ఆఫ్రికా రాగిని కలిపాడు, వాళ్లది లావు కంకి, గట్టి కాడ, మనది మన నేలకీ వానకీ అలవాటు పడింది. ఇండియా, ఆఫ్రికా రెండూ కలిపి ఇండాఫ్ అని పేరు పెట్టారు, ఇండాఫ్-5, ఇండాఫ్-8 అంటే పాత మైసూరు జిల్లాల్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తు. ఆ తర్వాత అగ్గి తెగులు పెద్ద సమస్య అయింది, కంకి మెడ దగ్గర నల్లబడి విరిగిపోతుంది, గింజ తాలు పోతుంది. దాన్ని తట్టుకునే జీపీయూ-28 అనే రకం జీకేవీకేలోని చిరుధాన్యాల ప్రాజెక్టు నుంచి వచ్చింది, 110 రోజుల పైన కోతకి వస్తుంది, అది ఎంత పాకిందంటే కర్ణాటక రాగి చేలల్లో చాలా పెద్ద భాగం దానిదే అయిపోయింది. ఇది చదివాక నేను మా నాయనకి ఫోన్ చేసి అడిగా, మనం వేసే రాగి ఏ రకం అని. ఆయన, "మన గౌరిబిదనూరు మామ ఇచ్చిందప్పా, ఇరవై ఎనిమిది రాగి అంటారు" అన్నాడు. అదీ సంగతి. ఏళ్ల తరబడి మేం తినే సంగటి ఆ గోడ లోపల నుంచే వచ్చింది, మా చేతికి మాత్రం మామ చేతుల మీదుగా వచ్చింది కాబట్టి యూనివర్సిటీ పేరు ఎక్కడా వినపడలేదు.

సరే, ఊదా మొలక దొరికిన రోజు నుంచి మామ చేతికి వచ్చేదాకా మధ్యలో ఏం జరుగుతుంది? దాని పిల్లల్ని ఆరేడు తరాలు వేసుకుంటూ పోవాలి, ప్రతి తరంలో మంచివి ఏరుకోవాలి, అన్ని మొక్కలూ ఒకేలా వచ్చేదాకా. తర్వాత స్టేషన్లో పోటీ, తర్వాత దేశమంతా వేరువేరు చోట్ల ఒకే ఏడు వేసి పోల్చే ఆల్ ఇండియా ట్రయల్స్, అవి మూడేళ్లు, తర్వాత రైతుల చేలల్లో ట్రయల్స్, తర్వాత కమిటీ రిలీజ్ చేస్తుంది. పది పన్నెండేళ్లు సులువుగా పడుతుంది. ఇంత ఆలస్యం ఎందుకు అని నేనూ అనుకున్నా, కానీ ఒక ఏడు వాన బాగా పడింది కాబట్టి బాగా పండిన రకాన్ని తొందరపడి ఇచ్చేస్తే, మరుసటేడు కరువులో పోయేది సైంటిస్టు జీతం కాదు, రైతు పెట్టుబడి.

రిలీజయ్యాక కూడా విత్తనం సంచిలో రాదు, పెంచాలి. బ్రీడర్, అంటే ఆ రకం తీసిన సైంటిస్టు, చేతిలో ఉండేది కొన్ని కిలోలే, ఆ సంచికి పసుపు ట్యాగు ఉంటుంది, దాన్నుంచి పెంచింది ఫౌండేషన్ విత్తనం, తెల్ల ట్యాగు, దాన్నుంచి రైతుకి అమ్మేది సర్టిఫైడ్, నీలం ట్యాగు. ఈసారి విత్తనం కొనేటప్పుడు ట్యాగు రంగు చూడండి, ఆకుపచ్చ ట్యాగు ఉంటే అది అమ్మేవాడు తన మాట మీద ఇచ్చే విత్తనం, సర్టిఫికేషన్ ఏజెన్సీ చూసింది కాదు. రాగి అయితే నారు పోసి నాటితే ఎకరాకి రెండు కిలోలు చాలు, పండేది క్వింటాళ్లలో, కాబట్టి రెండు మూడు సీజన్లలో జిల్లాకి సరిపడా విత్తనం చేయొచ్చు. చెనిక్కాయ అట్లా కాదు. ఎకరాకి అరవై కిలోలు అటూ ఇటుగా గింజలు వెయ్యాలి, మెట్ట చేనులో వచ్చేది వేసినదానికి పదింతలు అయితే గొప్ప, అందులో నూనె ఉండేసరికి ఎక్కువ కాలం నిల్వ కూడా ఉండదు. అనంతపురం వైపు టీఎంవీ-2 అనే రకం 1940లో వచ్చింది, అరవై డెబ్బయ్యేళ్లు అదే వేశారు మనవాళ్లు, రైతు మొండివాడు కాబట్టి మారలేదని కొందరు రాస్తుంటారు, అది తప్పు, కొత్త విత్తనం కోట్ల గింజల్లో పెరిగి ప్రతి ఇంటికీ చేరాలంటే పట్టే కాలం అది. కదిరి స్టేషన్ వాళ్ల కదిరి-6 వచ్చాకే మా వైపు నిజంగా మార్పు కనపడింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కంపెనీలు ఉన్నాయి కదా, యూనివర్సిటీ ఎందుకు అని అడిగేవాళ్లు పెరిగారు. టమాటా, మొక్కజొన్న, పత్తి హైబ్రిడ్లలో అయితే కంపెనీలకి లాభం ఉంది, రైతు ప్రతి ఏడూ మళ్లీ కొనాలి. రాగి, చెనిక్కాయ, అనప, సామ, కొర్ర వీటికి తన పుప్పొడి తనకే పడుతుంది, పండిన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు, పక్కింటివాడికి ఇవ్వొచ్చు, 2001 నాటి చట్టం కూడా రైతుకి ఆ హక్కు ఇచ్చింది. ఒకసారి అమ్మితే మళ్లీ కొననిదాని మీద ఏ కంపెనీ పన్నెండేళ్లు ఖర్చుపెడుతుంది? పెట్టదు, అది వాళ్ల తప్పు కూడా కాదు. మెట్ట రైతు తినే పంటలకీ అమ్ముకునే పంటలకీ ఎక్కువగా దిక్కు ఈ ప్రభుత్వ స్టేషన్లే, అందుకే వాటి బడ్జెట్ తగ్గినా పోస్టులు ఖాళీగా పెట్టినా నాకు బాధేస్తుంది, ఆ ఖాళీ ఇవాళ కనపడదు, పదేళ్ల తర్వాత తెగులు వచ్చినప్పుడు చేతిలో తట్టుకునే రకం లేనప్పుడు కనపడుతుంది.

రకం ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని రైతు నమ్మాలి. ఆ పని కేవీకేది. మొదటి కేవీకే 1974లో పుదుచ్చేరిలో పెట్టారు, ఇప్పుడు దేశంలో 731 ఉన్నాయి. వీళ్లు చేసే పనుల్లో రెండింటికి తేడా తెలుసుకోవాలి. ఒకటి రైతు చేనులో పరీక్ష, అంటే ఇంకా వాళ్లకే ఖాయంగా తెలీదు, ఈ ఊరి నేలలో ఇది పనిచేస్తుందా లేదా అని రైతు పద్ధతి పక్కనే వేసి చూస్తారు. రెండోది ప్రదర్శన, అంటే పనిచేస్తుందని తేలింది, పది మందికీ చూపించాలి. రైతు ఒప్పుకుని ఇచ్చిన అరెకరంలో వేస్తారు, వీలైతే రోడ్డు పక్క చేను ఎంచుకుంటారు, ఎందుకంటే పాలు పోయడానికి పోయేవాడూ బడికి పోయే పిల్లోడి తండ్రీ రోజూ చూస్తూ పోతారు, మీటింగ్ పెట్టి గంట చెప్పినా రానిది ఆ చూపులో వస్తుంది.

చిక్కబళ్ళాపుర వైపు మా చుట్టాల ఊర్లో ఇట్లాంటి క్షేత్ర దినోత్సవానికి ఒకసారి పోయా. ఆ జిల్లాలో చాలామంది ఇంట్లో తెలుగే, కేవీకే సార్ కన్నడలో మొదలుపెట్టి నడుమ నడుమ తెలుగులోకి వచ్చేస్తున్నాడు. కొత్త రాగి రకం కంకులు బాగున్నాయి, గింజ నిండుగా ఉంది, అంతా తలలూపారు. వెనకాల నిలబడ్డ ఒక పెద్దాయన మాత్రం కంకి వంక చూడనే లేదు, వంగి కాడ పట్టుకుని జానతో కొలుస్తున్నాడు. "సార్, గింజ సరే, గడ్డి సంగతి చెప్పండి, నాకు రెండావులున్నాయి, ఎండాకాలం అవి ఏం తినాల?" అన్నాడు. సార్ నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. రాగి గడ్డి ఈ ప్రాంతంలో పాడికి ప్రాణం, గింజ ఎక్కువిచ్చే పొట్టి రకం ఇస్తే పాలు తగ్గి అదే ఇంట్లో నష్టం వస్తుంది, కాబట్టి గింజతో పాటు గడ్డి కూడా తూకం వేసి చూడాల్సిందే. యూనివర్సిటీ నుంచి చేనుకి మాట రావడం ఒక దారి అయితే చేనులోంచి యూనివర్సిటీకి ఇట్లా ప్రశ్న పోవడం ఇంకో దారి, ఈ రెండో దారి మూసుకుపోతే మొదటిదానికి విలువ లేదు.

పద్ధతులు కూడా ఆ దారిన పైకి పోతాయి. హావేరి జిల్లాలో రైతులు ఎప్పట్నుంచో రాగిని చదరపు గడుల్లో గుంతలు తీసి నాటేవాళ్లు, మొక్క చిన్నగా ఉన్నప్పుడే దాని మీద ఎద్దులతో తేలికపాటి దుంగ లాగేవాళ్లు, మొక్క వంగి, మొదట్లో దెబ్బ తగిలి, పిలకలు గుంపుగా వేస్తుంది. చూసేవాళ్లకి పంట తొక్కేస్తున్నట్టు ఉంటుంది. దాన్నే గుళి రాగి అంటారు, ఇప్పుడు మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలో కూడా నేర్పిస్తున్నారు. ఇది ఏ ల్యాబులోనూ పుట్టలేదు.

పురుగుల విషయంలో మాత్రం పన్నెండేళ్ల టైము ఉండదు, వారాలే. 2018 మేలో శివమొగ్గ యూనివర్సిటీ సైంటిస్టులు మొక్కజొన్న సుడిలో కొత్త పురుగుని చూశారు, అమెరికాది, రెండేళ్ల ముందే ఆఫ్రికాలో దిగి అక్కడి మొక్కజొన్నని నాశనం చేస్తున్నది, మన తెలుగులో కత్తెర పురుగు అంటున్నాం. ఇండియాలో అది మొదటిసారి దొరకడం అక్కడే. పురుగు తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి తెల్ల గీత, తోకకి ముందు గడిలో చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు, ఇదీ గుర్తు. మామూలు లద్దె పురుగే అనుకుని వదిలేసి ఉంటే ఒక సీజన్ పోయేది, కనుక్కోబట్టి వెంటనే ఫోటోలతో పోస్టర్లు, ఏ మందు సుడిలో పడేలా ఎప్పుడు కొట్టాలి, లింగాకర్షక బుట్టలు ఎట్లా పెట్టాలి, గుడ్ల మీద బతికే పరాన్నజీవుల్ని ఎక్కడ తెచ్చుకోవాలి అన్నీ చెప్పగలిగారు. పురుగుని సరిగ్గా గుర్తుపట్టే మనిషి ఒకడు జిల్లాలో ఉండటం ఎంత విలువైనదో ఆ ఏడు తెలిసింది.

ఇంకో కథ నాకు చాలా ఇష్టం. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయికి కొత్త రకం పిండినల్లి వచ్చింది, బొప్పాయితో ఆగకుండా మల్బరీకీ కర్రపెండలానికీ పట్టింది, చెట్టంతా తెల్లగా సున్నం పూసినట్టు అయిపోయేది, ఎంత మందు కొట్టినా ఒంటి మీద మైనం పొర ఉండటం వల్ల లోపలికి దిగదు. అప్పుడు హెబ్బాళలోని పురుగుల సంస్థ వాళ్లు 2010లో ప్యూర్టో రికో నుంచి చీమ తలకాయంత కూడా లేని కందిరీగ జాతి పురుగుని తెప్పించారు, అది పిండినల్లి లోపల గుడ్డు పెడుతుంది, పిల్ల లోపల్నుంచి దాన్ని తినేస్తుంది, వేరే దేన్నీ ముట్టుకోదు. క్వారంటైన్‌లో పరీక్షించి, పెంచి, తమిళనాడు, కర్ణాటక తోటల్లో వదిలారు. కొన్ని నెలల్లోనే పిండినల్లి తగ్గిపోయింది. ఆ తర్వాత రైతు దానికోసం రూపాయి పెట్టక్కర్లేదు, ఆ కందిరీగలు వాటంతట అవే బతుకుతాయి. కొనడానికి సీసా లేదు కాబట్టి ఇట్లాంటి పరిష్కారం ఏ షాపులోనూ దొరకదు.

షాపు అన్నాను కాబట్టి మా ఇంటి సంగతి కూడా చెప్తా. ఒక ఏడు మా టమాటా ఆకులు ముడుచుకుపోయి, మొక్కలు గిడసబారిపోయాయి. నాయన నాలుగాకులు కవర్లో పెట్టుకుని టౌన్లో మందుల షాపుకి పోయాడు, ఆయన మూడు సీసాలు ఇచ్చాడు, అందులో ఒకటి బూజు మందు, ఒకటి టానిక్కు. నాలుగు సార్లు కొట్టాడు. ఏమీ కాలేదు, చివరికి పంట దున్నేశాం. అది ఆకుముడత వైరస్ అని నాకు తర్వాత తెలిసింది, మొక్కకి వైరస్ పట్టాక నయం చేసే మందు ప్రపంచంలోనే లేదు, దాన్ని మోసేది తెల్లదోమ, చెయ్యాల్సింది నారుమడి దగ్గరే, సన్న నైలాన్ వల కింద నారు పెంచడం, పసుపు జిగురు అట్టలు పెట్టడం, తెగులు పట్టిన మొక్కని తొందరగా పీకేయడం, లేదా తట్టుకునే రకం వేయడం. హెసరఘట్ట వాళ్ల అర్కా రక్షక్ అనే హైబ్రిడ్ ఆకుముడత వైరస్సూ వడలు తెగులూ ఆకుమాడు తెగులూ మూడింటినీ తట్టుకునేలా చేసిందే. అది ఉన్న ఊరికీ మా చేనుకీ వంద కిలోమీటర్ల దూరం లేదు. ఆ వంద కిలోమీటర్లు దాటి మాట రాలేదు, అంతే.

ఆ షాపాయన మీద నాకు కోపం లేదు. పొద్దున ఏడింటికే తెరిచి ఉంటాడు, అప్పిస్తాడు, తెలుగులో మాట్లాడతాడు, మా నాయన పేరు తెలుసు. వ్యవసాయాధికారి ఒక్కడికి ఎన్నో ఊర్లు, కేవీకే సైంటిస్టులు జిల్లా మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ ఖాళీలోకి షాపు వచ్చి కూర్చుంది. వ్యవసాయ విస్తరణలో శిక్షణ ఇచ్చే హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ఇది గుర్తించే 2003లో షాపుల వాళ్ల కోసం ఏడాది డిప్లొమా పెట్టింది, డేసీ అంటారు, వారానికి ఒకరోజు క్లాసు, చేలల్లో తిప్పి చూపిస్తారు. మంచి పనే, కానీ మందు అమ్మితే బతికేవాడి చేత మందు వద్దని చెప్పించడం కష్టం, దానికి జీతం మీద బతికే ఇంకో మనిషి కావాల్సిందే అని నా అభిప్రాయం.

నేల పరీక్ష కూడా ఇట్లాంటిదే. 2015లో నేల ఆరోగ్య కార్డులు మొదలుపెట్టారు, మా నాయనకీ ఒకటి వచ్చింది, బీరువాలో ఉంది. ఆ పథకంలో మెట్టలో పది హెక్టార్లకి ఒక నమూనా, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకి ఒకటి, అంటే మెట్ట అయితే పాతిక ఎకరాలకి ఒకే పిడికెడు మట్టి, మన కార్డులో ఉన్నది మన చేను మట్టి కాకపోవచ్చు. అందుకని పోయిన వేసవిలో మేమే తీశాం. చేనంతా అడ్డదిడ్డంగా నడుస్తూ పన్నెండు చోట్ల, గట్టు దగ్గరా పెంట వేసినచోటా చెట్టు నీడా వదిలేసి, పైన గడ్డీ చెత్తా పక్కకి నెట్టి పారతో వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, ఆ గోడ నుంచి పైనుంచి కిందిదాకా పల్చగా ఒక పొర గీకి బకెట్లో వేశాం. అంతా గోనెపట్ట మీద పోసి కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేసి, మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేసి, అరకిలో మిగిలేదాకా. నాయన మొదట్లో "మట్టికి ఇంత మర్యాదా" అన్నాడు, చివరికి ఆయనే నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టి పేరూ సర్వే నంబరూ రాశాడు. రిపోర్టులో భాస్వరం కావాల్సినదానికంటే ఎక్కువ ఉంది, ప్రతి ఏడూ డీఏపీ వేసి వేసి పేరుకుపోయింది, జింకు, బోరాన్ తక్కువ. ఆ ఏడు డీఏపీ ఒక బస్తా తగ్గించి, చెనిక్కాయ ఊడలు దిగేటప్పుడు ఎకరాకి 200 కిలోల జిప్సం వేశాం. డీఏపీ బస్తాలో మిగిలిన డబ్బులోనే జిప్సం వచ్చేసింది.

చివరగా అనపకాయలు, ఇది చెప్పకుండా బెంగళూరు గురించి రాయలేను. డిసెంబరు, జనవరిలో ఈ ఊర్లో ఏ సందులో చూసినా బండి మీద కుప్పలు, కన్నడలో అవరెకాయి, మనకి అనపకాయ, గింజలు రాత్రి నానబెట్టి పొద్దున తోలు పితికి చేసే పితికిపప్పు తిన్నవాడికి చలికాలం అంటే అదే. పాత అనప మొక్కకి పగలు పొట్టిగా అయితేనే పూత వస్తుంది, ఆషాఢ శ్రావణాల్లో వేసినా చలి మొదలయ్యేదాకా పూయదు, అందుకే ఆ రెండు నెలలే కాయ. యూనివర్సిటీ వాళ్లు పగటి పొడుగుతో పని లేకుండా పూసే రకాలు తీశారు, హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4, పొట్టి పొద, ఏ నెలలో వేసినా నెలన్నరలో పూత. ఇప్పుడు జూన్‌లో కూడా మార్కెట్లో అనపకాయ దొరుకుతుందంటే కారణం అదే, చిన్న రైతుకి ఏడాదిలో రెండు మూడు సార్లు డబ్బు కనపడుతుంది, అది చిన్న విషయం కాదు.

మా నాయన పోయిన జూన్‌లో ఇక్కడికి వచ్చినప్పుడు ఆ కాయలతో పితికిపప్పు చేశాం. రెండు ముద్దలు తిని, "గింజ బాగుంది, మెత్తగుంది, సొగడు లేదు" అన్నాడు. సొగడు అంటే ఆ కాయని పట్టుకుంటే చేతికి జిగురుగా అంటుకునే వాసన, కాయ పైన ఊరే కొవ్వు ఆమ్లాల వల్ల వస్తుందట, చలికాలం పాత రకం కాయలో ఘాటుగా ఉంటుంది, అది లేకపోతే బెంగళూరు వాళ్లు కూడా బేరం తగ్గిస్తారు. సొగడు కూడా ఉండి ఏడాదంతా కాసే రకం సాధ్యమా అని ఆయన నన్నడిగాడు, నన్నడిగితే నాకేం తెలుసు, వాళ్లనే అడుగు అన్నా. మా అవ్వ కాలం నుంచి గట్టు మీద వేస్తున్న నాటు అనప గింజలు, నల్ల మచ్చ ఉండేవి, బూడిదలో కలిపి డబ్బాలో దాచినవి, పావుకిలో గుడ్డలో మూటగట్టి మొన్న బస్సుకి పంపించాడు. నవంబర్ మేళాలో అవరె మడి దగ్గర నిలబడే సార్‌కి చూపించాలంట, తను వచ్చేదాకా మూట విప్పొద్దు, పురుగు పడుతుంది అని ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.